ఏమీ చేయకుండా కూర్చునే మందు

“ఇందులో ఏముందో చదివావా?”

ఆ ఇంటి గుమ్మం దాటి ఏ వస్తువు లోపలికి వచ్చినా ఆయన నోట వచ్చే మొదటి మాట అదే. సంచి బరువుగా ఉందా, చెయ్యి పీకుతోందా అన్నవి తరువాతి ప్రశ్నలు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ తరువాత అన్నది ఇంకా రాలేదు.

ఆమె సంచి బల్ల మీద పెట్టింది. ఆయన కళ్లజోడు నుదుటి మీద నుంచి ముక్కు మీదికి దించుకుని, ఒక్కో పాకెట్టే తీసి, వెనక్కి తిప్పి, చీమ తలకాయంత అక్షరాల మీద వేలు నడిపించాడు. బిస్కెట్లు కూతురు అడిగింది. సాసు కూడా కూతురే అడిగింది.

“మొక్కజొన్న పిండి. సోయా లెసిథిన్. ఏ మొక్కజొన్న? ఏ సోయా? జన్యువులు మార్చిందా, మామూలుదా? చెప్పాడా వాడు? చెప్పడు. రేపు వెళ్లి తిరిగిచ్చేసి రా.”

తనే వెళ్లి ఇవ్వచ్చు. కానీ ఆయనకు షాపువాళ్లతో మాట్లాడడమంటే మొహమాటం.

విత్తనంలోకి మరి దేని జన్యువునో ఎక్కించి పండించిన పంట తన పళ్లెంలోకి రాకూడదు, ఇదీ ఆయన పట్టు. పట్టు ఆయనది, పని ఆమెది. కొన్న నూనె పోయింది. గింజలు మోసుకుని ఊరి అటు చివర గానుగకు వెళ్లి, ఆడించుకుని, డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో రావాలి. కొన్న బ్రెడ్డు పోయింది. ముందు రోజే పిండి కలిపి, అందరికంటే ముందు లేచి కాల్చాలి. మొక్కజొన్న కావాలంటే సొంత విత్తనం దాచుకునే రైతు ఒకాయన వారానికోసారి సంతకు వస్తాడు, ఆయన బండి ఖాళీ కాకముందే అక్కడ ఉండాలి. పల్లీలు దోరగా వేయించి, పొట్టు తీసి, వెన్నలా రుబ్బి సీసాకెత్తాలి. పాలాయన్ని కూడా వదల్లేదు. నీ ఆవుకు ఏం దాణా పెడుతున్నావు, అందులో జన్యువులు మార్చిన పత్తిగింజల చెక్క కలుస్తుందా అని ఆమె చేతే అడిగించాడు. నాలుగోసారి అడిగేసరికి పాలాయన విసుక్కుని, “ఆవునే అడగండమ్మా, పక్కవీధిలోనే ఉంది” అన్నాడు.

ఆయన భయంలో నిజమెంతో, గాలిమాటెంతో ఆమెకు తెలియదు. చదువుకున్నవాళ్లే కొందరు ఫర్వాలేదంటారు, కొందరు ఆచితూచి తినమంటారు. తీరిగ్గా కూర్చుని తేల్చుకుందామంటే ఆ తీరికంతా గానుగ దగ్గరే అయిపోతోంది. తమాషా ఏమిటంటే ఈ భయం మొదట ఆమెదే. కూతురు కడుపులో ఉన్నప్పుడు ఎవరో అంటే విని, “విత్తనాన్నే మార్చేస్తున్నారటండీ, ఇవి తినొచ్చా నేను?” అని అడిగింది. ఆయన పగలబడి నవ్వాడు. “ఉత్త చాదస్తం” అన్నాడు. అత్తగారు, “తిండి దగ్గర వంకలు పెడితే పుట్టే పిల్లకు వంకలే వస్తాయి” అన్నారు. ఆమె నోరు మూసుకుని పెట్టింది తిన్నది. ఇన్నేళ్ల తరువాత అదే మాట ఆఫీసులో పక్క కుర్చీ ఆయన చెబితే చాదస్తం కాస్తా అవగాహన అయింది. ఆ మాట ఎక్కడో విన్నట్టుందే అని ఆయనకు అనుమానం కూడా రాలేదు.

చలికాలం చివర ఇంటిల్లిపాదీ జ్వరాన పడ్డారు. అందరికీ చేసి ఆఖరున ఆమె పడింది, అందరికంటే ముందు లేచింది. జ్వరం పోయింది, జలుబు పోయింది. వాటి వెంట వాసన కూడా పోయింది, రుచిని చెయ్యి పట్టుకుని మరీ తీసుకుపోయింది. అన్నం వేడిగా ఉందని తెలిసేది, మెత్తగా ఉందని తెలిసేది, అంతే. కారం ఒట్టి మంటగా తగిలేది. ఉప్పు ఉందో లేదో ఎంత నాలుక చప్పరించినా అందేది కాదు. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. వారం ఆగితే అదే వస్తుందిలే అనుకుంది. వారాలు నెలలయ్యాయి. చేతి అలవాటు కొద్దీ ఉప్పు వేసింది, కంటి అలవాటు కొద్దీ వేయించింది. ఎవరూ ఏమీ అనలేదు. ఒక్క కూతురు మాత్రం ఒకరోజు పళ్లెం ముందు కూర్చుని, “అమ్మా, ఈ మధ్య మన కూరలు ఆసుపత్రి కూరల్లా ఉంటున్నాయేంటి?” అంది. “పిల్లలకు మంచి తిండి మొదట అలాగే ఉంటుంది” అని వాళ్ల నాన్న సర్దిచెప్పాడు.

ఆయనకు చెప్పింది. చెప్పలేదని తరువాత ఎవరూ అనడానికి లేదు. పల్లీల పొట్టు ఊదుతూ, “నాకు వాసనా రుచీ ఏమీ తెలియట్లేదండీ” అంది. ఆయన ఫోనులోంచి తల ఎత్తి, చాలా సంతోషంగా, “గుడ్! అది మంచి లక్షణమే. ఇన్నాళ్లూ ఒంట్లో చేరిన చెత్తంతా పోతుంటే అలాగే ఉంటుందట. ఇలాంటి తిండే తినే మా గ్రూపులో ఇద్దరికి అయింది” అన్నాడు. అక్కడే, అప్పుడే గ్రూపులో రాసేశాడు కూడా: ‘మా ఆవిడకు గుణం కనిపిస్తోంది.’ చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చాయి. ఆమెకు చూపించాడు. ఆమె చూసింది.

ఇంట్లో అయితే ముక్కు లేకుండా గడిచిపోతుంది. ఆమె పనిచేసే చోట గడవదు. ఆమెది లాండ్రీలో ఉద్యోగం. ఉతకడం, ఆరబెట్టడం యంత్రాల పని. ఇస్త్రీ చేసే ఆవిడ వేరే ఉంది. అన్నీ అయ్యాక, కాగితంలో చుట్టే ముందు, ఒక మనిషి ప్రతి బట్టనూ వాసన చూడాలి. చొక్కా చంకల్లో చెమట ఇంకా పట్టుకుని ఉందా, కాలరుకు తలనూనె వదిలిందా, కోటు లోపలి గుడ్డలో సిగరెట్టు మిగిలిందా. ఆ మనిషి ఆమె. మేనేజరు ఆమెను పేరుతో పిలిచింది లేదు. ‘ముక్కుగారు’ అంటాడు. “మా ముక్కుగారు పాస్ చేశారంటే ఇక కళ్లు మూసుకుని తొడుక్కోవచ్చు” అని కౌంటరు దగ్గర గొప్పలు పోతాడు. ఎప్పుడైనా జీతం మాట ఎత్తితే, “ఊపిరి పీల్చడానికి కూడా జీతం పెంచాలా అండీ?” అని తనే నవ్వుకుంటాడు.

జ్వరం తరువాత ఆమె బట్టల్ని ముక్కు దగ్గరికి ఎత్తడం, దించడం, చుట్టడం, అలా నటిస్తూనే ఉంది. మొదట కనిపెట్టింది ఇస్త్రీ ఆవిడే. ఒక చొక్కా ఆమె చేతిలోంచి మెల్లిగా లాక్కుంది.

“అక్కా, ఇది గుప్పుమంటోంది. నువ్వు చుట్టేస్తున్నావేంటి?”

“తెలియట్లేదే.”

“ఎన్నాళ్ల నుంచి?”

ఆ ప్రశ్న ఆమెను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. “జ్వరం వచ్చినప్పటి నుంచి” అని చెప్పింది. ఇస్త్రీ ఆవిడ ఆ రోజు నుంచి ఇస్త్రీ బల్ల మీద నుంచి దింపేముందు ప్రతి బట్టనూ తనే ఒకసారి వాసన చూసి, బాగా లేనివి తిరగేసి పెట్టేది. తిరగేసినవి ఆమె పక్కకు తీసేది. అలా కొన్నాళ్లు ఇద్దరి ఉద్యోగాలూ ఒకే ముక్కు మీద నడిచాయి.

ఇస్త్రీ ఆవిడ సెలవు పెట్టిన రోజున ఒక పెద్దమనిషి కోటు చెమట కంపుతో తిరిగొచ్చింది. మేనేజరు కౌంటరు దగ్గర అందరి ముందూ, “ఏమండీ ముక్కుగారూ, ముక్కు ఇంట్లో మర్చిపోయి వచ్చారా?” అన్నాడు. తరువాత లోపలికి పిలిచి, నవ్వకుండా, “ఇంకొక్కటి ఇలా వచ్చిందంటే వేరే మనిషిని చూసుకుంటాను. ఈ బల్ల దగ్గర ముక్కే కదా అర్హత” అన్నాడు. ఆమె సరేనంది. కోటు మళ్లీ ఉతకడానికి వేసింది. సిగ్గూ కోపం రెండూ రావాల్సిన చోట ఏదీ రాలేదు. అవి కూడా వాసన దారినే పోయాయేమో అనుకుంది.

ఆ ఆదివారమే ఇంట్లో ఆయన గ్రూపు సమావేశం. చుట్టుపక్కల వాళ్లు కూడా వచ్చారు. ముందు గది నిండా కుర్చీలు, మధ్యలో ఆయన. “మేము నూనె ఆడించుకుంటాం. మేము బ్రెడ్డు ఇంట్లోనే కాలుస్తాం. మేము రైతు దగ్గరికే వెళ్లి, విత్తనం ఎక్కడిదో కనుక్కుని మరీ తెచ్చుకుంటాం” అని చెబుతున్నాడు. వంటింట్లో ముప్పై మందికి వండుతూ ఆమె ఆ ‘మేము’లో తను తప్ప ఎవరైనా ఉన్నారేమోనని కాసేపు ఆలోచించింది. పాకెట్టు వెనక ఏం చదవాలో, ఏ పేరు మాటున ఏ పంట దాక్కుంటుందో ఆయన విడమరిచి చెప్పాడు. బాగానే చెప్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి. వచ్చినవాళ్లలో ఒకావిడ, “ఇవన్నీ ఇంట్లో చేసుకోవాలంటే టైమెలా దొరుకుతుందండీ మీకు?” అని వంటింటి వైపు చూసి అడిగింది. “మనసుంటే మార్గం ఉంటుందమ్మా” అని ఆయనే జవాబిచ్చాడు. అత్తగారు అందుకుని, “మా కోడలు నోట్లో నాలుక లేని మనిషి. చెప్పింది చెప్పినట్టు చేసుకుపోతుంది” అన్నారు. ఆవిడ దిండు కింద బిస్కెట్ల పాకెట్టు ఉందని ఇంట్లో ఒక్క కోడలికే తెలుసు. పక్క దులిపేటప్పుడు రాలిన పొడి ఊడ్చేది కూడా ఆమే.

భోజనాలు మొదలయ్యాక గది చప్పబడిపోయింది. ఒకాయన మంచినీళ్లు అడిగాడు. ఇంకొకాయన అడిగాడు. తరువాత అందరూ అడిగారు. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరూ బయటికి అనలేదు, పెద్దమనుషులు కదా. పళ్లాల్లో మాత్రం కూర అలాగే ఉండిపోయింది.

జనం వెళ్లగానే ఆయన కుర్చీలు మడతపెట్టకుండానే మొదలుపెట్టాడు. “పరువు తీశావు. ఒక్కసారి నోట్లో వేసుకుని చూడకూడదా?”

“చూశాను. నాకు తెలియదండీ రుచి. జ్వరం వచ్చినప్పటి నుంచీ తెలియదు. చెప్పానుగా.”

అత్తగారు బుగ్గ మీద చెయ్యి వేసుకున్నారు. “అయ్యో రాత! మరి ఇన్నాళ్లూ మాకేం పెట్టావే?”

ఆయన కూడా అదే అడిగాడు, ఇంకాస్త చదువుకున్నట్టు. “అంటే పాడైపోయినవి కూడా నీకు తెలియవా? నూనె మక్కిన వాసన వచ్చినా తెలియదా? ఎంత రిస్కు తీసుకున్నావో అర్థమవుతోందా నీకు?”

నువ్వేం తింటున్నావు ఇన్నాళ్లూ, ఎలా తింటున్నావు అని ఎవరైనా అడుగుతారేమోనని ఆమె గిన్నెలు తీస్తూ కాసేపు అక్కడే మసిలింది. అడగలేదు. ఉప్పు కూర పారబోసి, గిన్నె నానబెట్టింది.

మరుసటి రోజు ఇస్త్రీ ఆవిడే ముక్కు డాక్టరు దగ్గరికి వెంట వచ్చింది. డాక్టరమ్మ ముక్కులో లైటు వేసి చూసి, జ్వరానికి వాసన నరం దెబ్బతిన్నదని చెప్పింది. మాత్రలేమీ రాయలేదు. నాలుగు చిన్న సీసాలు బల్ల మీద పెట్టింది: నిమ్మ, లవంగం, గులాబీ, నీలగిరి.

“ఇవి పొద్దునా సాయంత్రం వాసన చూడాలి. ఒక్కొక్కటీ నెమ్మదిగా. ఆ వాసన ఒకప్పుడు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంటూ చూడాలి. ఆ కాసేపూ ఇంకేమీ చేయకూడదు.”

“ఏమీ చేయకుండానా?”

“ఏమీ చేయకుండా. ఊరికే కూర్చుని.”

“పొయ్యి మీద ఏదైనా పెట్టుకుని చూడొచ్చాండీ?”

డాక్టరమ్మ ఆమె వంక ఒక క్షణం చూసింది. “వద్దు. మనసు పొయ్యి మీద ఉంటే ముక్కు పనిచేయదు. కొందరికి తొందరగా వస్తుంది, కొందరికి చాలా నెలలు పడుతుంది, కొందరికి రాదు. మానేస్తే మాత్రం అసలు రాకపోవచ్చు.”

మాత్ర అయితే నీళ్లతో పాటు మింగి పనిలో పడచ్చు. ఏమీ చేయకుండా కూర్చోవడమనే మందును ఆ ఇంట్లో ఎక్కడ వేసుకోవాలో ఆమెకు తోచలేదు. పొద్దున్న బ్రెడ్డు కాలేలోపు, సాయంత్రం పల్లీలు చల్లారేలోపు, వంటింట్లో పీట మీద కూర్చుని మూతలు తీసింది. గుర్తు తెచ్చుకోమన్నారు కదా అని తవ్వి చూసింది. లవంగం దగ్గర చిన్నప్పటి పంటినొప్పి దొరికింది. అమ్మ రెండు వేళ్లతో లవంగాన్ని పంటి కింద నొక్కి పట్టుకుని, “కొరక్కు, అలా ఉంచు” అనడం దొరికింది. వాసన మాత్రం దొరకలేదు. మిగతా మూడింటి దగ్గర అదీ లేదు. ఇలా తనకంటూ గుర్తు తెచ్చుకుని ఎంత కాలమైందో ఆలోచిస్తుంటే కుక్కరు కూత పెట్టేది, లేదా అత్తగారు పిలిచేవారు. మూతలు బిగించి లేచేది.

సీసాలు మొదలుపెట్టిన కొన్నాళ్లకే ఆయన కంటపడ్డాయి. గుమ్మంలోకి వచ్చిన వస్తువు ఆయన చదవకుండా ఎన్నాళ్లుంటుంది? కళ్లజోడు దించుకున్నాడు.

“ఇదిగో, చూశావా? ఈ వాసనలు కలిపింది సోయా నూనెలో. సోయా! ఎక్కడిదో రాయలేదు. నేను ఇల్లంతా జల్లెడ పట్టి కాపాడుకుంటుంటే నువ్వు దీన్ని ముక్కులో పెట్టుకుంటావా?”

“తినేది కాదుగా. వాసన చూసేదే.”

“ఊపిరిలోంచి పోదా? నీ మంచికే చెబుతున్నాను.”

కసిరి చెప్పలేదు. జబ్బుపడ్డ పిల్లకు చెప్పినట్టు మెత్తగా చెప్పాడు. చెబుతూనే ఒక్కో మూతా తీసి, నాలుగు సీసాలూ సింకులో ఒంపేశాడు. వేడి నీళ్లతో కడిగాడు కూడా. సీసాలు బాగున్నాయి, విత్తనాలు దాచుకోవడానికి పనికొస్తాయన్నాడు. ఆ ఇంట్లో ఆయన చేత్తో ఏదైనా కడగడం ఆమె చూడడం అదే మొదలు. పక్క గదిలోంచి అత్తగారు, “అబ్బ, ఎంత బాగుందే వాసన! ఏం పోశారు?” అని అడిగారు. కూతురు పుస్తకం వదిలేసి పరుగెత్తుకొచ్చి, “నిమ్మకాయ! కాదు, పువ్వులు! అమ్మా, చూడు చూడు” అంటూ గాలి పీల్చింది. ఇల్లంతా వాసన చూసింది. సింకు పక్కనే నిలబడ్డ ఆమె కూడా గట్టిగా పీల్చింది. వట్టి గాలి లోపలికి వెళ్లి బయటికి వచ్చింది.

అప్పుడు కూడా ఏడుపు రాలేదు. కానీ ఆ మొద్దుబారినతనం అడుగున, చాలా లోతున, ఏదో ఒకటి గట్టిపడింది.

మర్నాడు డాక్టరమ్మ దగ్గర మళ్లీ నాలుగు సీసాలు తెచ్చుకుంది. అవే, అదే సోయా నూనెతో. ఈసారి వంటింట్లో దాచలేదు. ముందు గదిలో కిటికీ పక్కన చిన్న బల్ల మీద, అందరికీ కనపడేలా పెట్టింది. ఆయన నోరు తెరవబోతుంటే, “ఇవి మందు. ముట్టుకోకండి” అంది. గొంతు పెంచలేదు. ఆయన కళ్లజోడు మళ్లీ నుదుటి మీదికి నెట్టుకున్నాడు. అత్తగారు మాత్రం, “ఉన్నట్టుండి నాలుక ఎక్కడిది దీనికి?” అని గోడకు చెప్పుకున్నారు.

ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం ఆమె ఆ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది. వంట ఆలస్యమయ్యేది. సణుగుడు వినిపించేది. “పనిమీద ధ్యాస లేకుండా పోయింది” అనేవాళ్లు. ఆమె కళ్లు మూసుకునేది. ఏమీ తెలిసేది కాదు. నిమ్మ, ఏమీ లేదు. లవంగం, ఏమీ లేదు. గులాబీ, నీలగిరి, ఏమీ లేదు. ఆశపడి కూర్చోలేదు, అలవాటుగా కూర్చుంది. లాండ్రీలో మేనేజరు కొత్తమ్మాయి ఒకతెను తెచ్చి ఆమె పక్కన బల్ల దగ్గర నిలబెట్టాడు, పని నేర్పమని. ఎందుకో అడగక్కర్లేదు. నేర్పింది. కాలరు ఎక్కడ పట్టుకోవాలో, చంక దగ్గర ఎంతసేపు ఆగాలో చెప్పింది. ఇస్త్రీ ఆవిడ బట్టలు తిరగేస్తూనే ఉంది, “వదలకక్కా, కూర్చో, ఊరికే కూర్చో” అంటూనే ఉంది.

ఒక సాయంత్రం ఆమె మూకుట్లో పల్లీలు పోసి, మంట తగ్గించి, ముందు గదిలోకి వచ్చింది. ఆయన సోఫాలో ఫోను చెవికి పెట్టుకుని గ్రూపులో కొత్తగా చేరినవాళ్లెవరికో చెబుతున్నాడు.

“పల్లీలు వేగుతున్నాయి. నేను కూర్చుంటున్నాను. కాస్త కలుపుతూ ఉండండి.”

ఆయన సరే సరే అన్నట్టు చెయ్యి ఊపి, ఫోనులోకి, “అబ్బే, కష్టమేం లేదండీ. మేమైతే పల్లీలు ఇంట్లోనే వేయించుకుంటాం” అన్నాడు.

ఆమె కూర్చుంది. కళ్లు మూసుకుంది. నిమ్మ, ఏమీ లేదు. మూత పెట్టింది. లవంగం సీసా ఎత్తి, అమ్మ వేళ్లను గుర్తు తెచ్చుకుని పీల్చింది. ఏదో తగిలింది. దారపు పోగంత సన్నగా. లవంగం అనుకుంది. కాదు. సీసా దించేసినా అది పోలేదు. చేదుగా, పొగగా, నల్లగా, గదిలోకి ఇంకా ఇంకా వస్తోంది. ముందు ముక్కుకు తెలిసింది, తరువాతే దాని పేరు తెలిసింది. మాడుతోంది.

లేవాలి. ఇన్నేళ్ల అలవాటు కాళ్లను సగం లేపింది కూడా. ఆమె కుర్చీ చేతులు పట్టుకుని తిరిగి కూర్చుంది. మళ్లీ పీల్చింది, గుండె నిండా. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, పొగకో మరి దేనికో. ఎంత బాగుందో ఆ మాడు వాసన.

“ఏయ్! ఏదో మాడు వాసన వస్తోంది!” ఆయన ఫోను దించి అరిచాడు. “ముక్కు లేదా నీకు? తెలియట్లేదా?”

“తెలుస్తోంది” అంది ఆమె, కళ్లు తెరవకుండానే. గులాబీ సీసా మూత తీసింది.